తొరిపిన నీళ్ళు

లూకన్, డబ్లిన్
ఫిబ్రవరి 4

మంగక్కకు,

నువ్వు ఇప్పటికీ చన్నీళ్ళే పోసుకుంటున్నావా?

ముప్పై ఆరేళ్ళుగా నిన్ను ఈ మాట అడగాలనుకుంటున్నాను. ఫోన్‌లో నోటిదాకా వస్తుంది, బయటికి వచ్చేసరికి "అక్కడ ఎండలెలా ఉన్నాయి" అయిపోతుంది. కాగితం మీద అడిగితే నీ మొహం చూడక్కర్లేదు కాబట్టి మొదటి వాక్యంలోనే రాసేశాను. జవాబు ఇవ్వకపోయినా ఫరవాలేదు.

ఉత్తరం చూసి కంగారు పడకు. అందరం బాగానే ఉన్నాం. నా వేళ్ళకి మాత్రం కీళ్ళవాతం వచ్చింది. దసరాకి నీతో చెప్పినదాని కంటే కాస్త ఎక్కువే. పొద్దున్న లేచేసరికి పది వేళ్ళూ ఇంకెవరివో తెచ్చి తగిలించినట్టుంటాయి. పచ్చడి సీసా మూత తియ్యాలంటే సహస్ర స్కూల్ నుంచి వచ్చేదాకా ఆగాలి. టాలట్ ఆసుపత్రిలో చేతి వ్యాయామాలు నేర్పే ఫియోనా అనే అమ్మాయి రోజూ పావుగంట పెన్నుతో ఏదైనా రాయమంది. రామకోటి మొదలుపెట్టమని మీ మరిది యుగంధర్ సలహా. నేను నీకు రాస్తున్నాను.

అసలు సంగతి ఇది. మాకు మూడిళ్ళ అవతల బెర్నీ అనే ఆవిడ ఉంటుంది. అరవై అయిదు దాటాయి. భర్త నోయెల్ పోయి రెండేళ్ళయింది. ఇల్లు అమ్మేసి గాల్వేలో కూతురి దగ్గరికి వెళ్ళిపోతోంది. వాళ్ళ పెరట్లో ఒక హాట్ టబ్ ఉంది. ఐదుగురు చుట్టూ కూర్చోగలిగినంత పెద్ద తొట్టి, నడుం లోతు. నీళ్ళు ఎప్పుడూ ఒకే వేడి మీద ఉండేలా కరెంటు కాపలా కాస్తుంది. ఆరుబయట, ఈ వానలో, ఈ గాలిలో, మెడదాకా మునిగి కూర్చుంటారు. అది గాల్వేలో పట్టదట. మమ్మల్ని తీసుకోమంటోంది. నా చేతులు చూసి అడిగింది పాపం, బేరం కోసం కాదు.

జీపీని, అంటే ఇక్కడి మా ఇంటి డాక్టర్ని, అడిగితే వెచ్చటి నీళ్ళు మంచివే అంది. యుగంధర్ అప్పుడే టేపు పట్టుకుని పెరడు కొలిచేశాడు. సహస్రకి పదహారేళ్ళు, దేనికైనా ఒకటే మాట: "ఇట్ల్ బి గ్రాండ్, మామ్." ఈ దేశంలో గ్రాండ్ అంటే గొప్ప అని కాదు, పోన్లే అని.

నాకే ఎటూ తేలడం లేదు. నీళ్ళు మూడు నెలలకోసారి మారుస్తారట, అంతవరకూ మందు వేసి అవే నీళ్ళు. ఒకళ్ళు కూర్చున్న నీళ్ళలో ఇంకొకళ్ళు కూర్చోవాలి. మా పెరట్లోకి చుట్టూ ఆరు ఇళ్ళ మేడగదుల కిటికీలు చూస్తుంటాయి. అందులో దిగడానికి నేనేం వేసుకోవాలి? ఇవన్నీ యుగంధర్‌కి చెప్పాను. "ఇవి కారణాలు కావు కిరణ్, సాకులు" అన్నాడు. నిజమే. అసలు కారణం అతనికి చెప్పలేదు.

ఏప్రిల్ ఆఖరులోగా చెప్పమంది బెర్నీ. నీకేమనిపిస్తోంది?

కిరణ్మయి


కాకినాడ
ఫిబ్రవరి 23

చిరంజీవి కిరణ్మయికి మంగక్క ఆశీస్సులు.

నీ ఉత్తరం స్కూలుకి వచ్చింది. విదేశీ స్టాంపు చూసి మా హెడ్‌మిస్ట్రెస్ దాన్ని రెండు వేళ్ళతో పట్టుకుని తెచ్చి నా బల్ల మీద పెట్టి, నేను విప్పేదాకా అక్కడే నిలబడింది. అక్షరాలు కోడి గెలికినట్టున్నాయి. అయినా చదివాను, పాతికేళ్ళుగా ఆరో తరగతి పేపర్లు దిద్దుతున్న కళ్ళు ఇవి.

నీ తొట్టి గురించి చదువుతూ స్టాఫ్ రూములో గట్టిగా నవ్వాను. శుభ్రంగా స్నానం చేసి, ఆ తర్వాత వెళ్ళి మళ్ళీ నీళ్ళలో కూర్చోవాలన్నమాట. మరి దిగి వచ్చాక ఏం చేస్తారు, ఇంకోసారి పోసుకుంటారా? రోజంతా మీకు ఇదే పనా? ఒకళ్ళు దిగిన నీళ్ళలో ఇంకొకళ్ళంటే, గోదాట్లో దిగట్లేదా అని నువ్వంటావు. గోదారి పారుతుంది. నీ తొట్టి ఎక్కడికీ పారదు.

ఆ నోయెల్‌గారు అందులో పోలేదు కదా? ఏమీ అనుకోకు. అడగాల్సిన మాట.

బట్టల సంగతికొస్తే చీర కట్టుకునే దిగు. ఆ ఆరు కిటికీల వాళ్ళూ మీ పెరట్లో పుష్కరాలొచ్చాయనుకుని వరసగా నిలబడతారు.

నవ్వులాట పక్కన పెట్టి చెబుతున్నాను. చేతులు అంత నొప్పిగా ఉంటే తీసుకో. నొప్పి ముందు మడి ఆచారం ఎవరికీ గుర్తుండదు. మా అత్తగారు ఆఖరి రోజుల్లో మోకాళ్ళకి ఎవరేం రాయమన్నా రాసుకునేది, ఆఖరికి మా ఎదురింటి ఇమ్రాన్ లారీ పట్టీలకి వాడే గ్రీజుతో సహా.

చన్నీళ్ళ సంగతి అడిగావు. పోసుకుంటున్నాను. ఎందుకన్నది ఇంకోసారి రాస్తాను, మూడో పీరియడ్ బెల్లు కొట్టారు.

నువ్వు వేడినీళ్ళు పోసుకుంటున్నావా? అది మాత్రం రాయలేదు.

మంగాదేవి


లూకన్
మార్చి 19

అక్కా,

నోయెల్ ఆసుపత్రిలోనే పోయాడు. ముందు ఆ భయం తీర్చుకో.

మొన్న ఆదివారం ఏం జరిగిందో చెబుతాను. నవ్వుకో, కానీ మీ స్టాఫ్ రూములో వద్దు.

చెప్పులు కొనేముందు కాళ్ళకి తొడిగి చూసుకుంటాం కదా, అలాగే ఒకసారి దిగి చూడమని బెర్నీ పిలిచింది. మధ్యాహ్నం మూడింటికి. నేను పన్నెండింటికే మొదలుపెట్టాను. నువ్వులనూనె వెచ్చచేసి వేళ్ళకి, మణికట్లకి, మోకాళ్ళకి, మెడకి బాగా పట్టించి, తలకి కూడా పెట్టుకుని, గంటన్నర నానాను. వేడినీళ్ళలోకి వెళ్ళేముందు నూనె రాసుకోవాలని నాకెవరూ ప్రత్యేకంగా చెప్పలేదు అక్కా. నూనె లేకుండా అలాంటి స్నానం ఒకటి ఉంటుందని కూడా ఎవరూ చెప్పలేదు. తొట్టి పక్కన చెక్క మీద నోయెల్ చేత్తో రాసి పెట్టాడు, దిగే ముందు షవర్ చెయ్యండి అని. చదివాను. పొద్దున్నే చేశాను కదా అనుకున్నాను.

లెగ్గింగ్స్, పొడుగు చేతుల కుర్తా వేసుకుని, పైన వాన కోటు కప్పుకుని, మూడిళ్ళు దాటి వెళ్ళాను. వెనకే యుగంధర్ తువ్వాళ్ళు పట్టుకుని.

దిగాను. ఒక రెండు నిమిషాలు నిజంగా బాగుంది. వేళ్ళు వాటంతటవే విచ్చుకున్నాయి. అప్పుడు బెర్నీ ఒక మీట నొక్కింది. అడుగునుంచి నీళ్ళు జోరుగా చిమ్మడం మొదలైంది. ముందు నీళ్ళ మీద రంగులు తేలాయి. తర్వాత నురగ. పాలు పొంగినట్టు పొంగింది అక్కా, అంచు దాటి చెక్కల మీదికి వచ్చింది, నా గడ్డం దాకా వచ్చింది. ఎక్కడో లోపల ఏదో మూలిగి ఆగిపోయింది. ఫిల్టర్ నూనెతో మూసుకుపోయిందట. తీసి చూపించాడు యుగంధర్, మన వడియాల గుడ్డలా జిడ్డు ఓడుతోంది.

"యూ ఆర్ గ్రాండ్, లవ్, యూ ఆర్ గ్రాండ్" అంటూనే ఉంది బెర్నీ. తొమ్మిదిసార్లు అంది, నేను లెక్కపెట్టాను. నీళ్ళన్నీ తోడి పారబోసి, గోడలు తుడిచేసరికి ఆరయింది. మధ్యలో ఆవిడ ఒక మాట చెప్పింది. నోయెల్ పోయాక అందులో తను దిగలేదట. నా కోసమే కడిగి, కొత్త నీళ్ళు నింపి, రెండు రోజులు వేడిచేసి ఉంచిందట. అదేమీ దెప్పిపొడుపు కాదు, మామూలుగా చెప్పింది. నేను తుడిచిన చోటే స్పాంజితో మళ్ళీ తుడిచాను.

ఇప్పుడు కొనకపోతే ఎలా ఉంటుంది చెప్పు? కొంటే, నాకు కావాలని కొన్నట్టా, మొహం చెల్లక కొన్నట్టా?

కానీ నేను రాయాలనుకున్నది ఇది కాదు.

దిగేముందు మెట్టు మీద నిలబడి మోచెయ్యి నీళ్ళలో ముంచి చూశాను. తీసి, మళ్ళీ ముంచాను. మూడోసారి ముంచుతుంటే బెర్నీ అంది, పసిబిడ్డకి చూసినట్టు చూస్తావేమిటి, ఎదురుగా నంబరుంది కదా అని. ఉంది, ఎర్రటి అంకెల్లో ముప్పై ఏడు. నాకు నంబరు మీద నమ్మకం లేదు. నా ఉద్యోగమే అది, నీకు తెలుసు. చెర్రీవుడ్‌లో మా ఆఫీసులో కూర్చుని, వేరేవాళ్ళు 'సరిచూశాం' అని రాసిన చోటల్లా నిజంగా చూశారో లేదో చూడటం. పద్దెనిమిదేళ్ళుగా అదే పని.

నువ్వడిగావు. నేను గోరువెచ్చటి నీళ్ళే పోసుకుంటాను. జనవరిలో కూడా. కాస్త వేడి తగిలితే భుజం వెనక్కి లాక్కుంటుంది.

ఆ రోజు నాకు గుర్తున్నంతవరకు రాస్తాను. నాకు పదేళ్ళు, నీకు పదహారు. సెలవులకి మీ ఇంటికి వచ్చాను. నీకేమో ఇంటర్ పరీక్షలు. పెరట్లో రాగి బాయిలర్, అందులో బొగ్గులు. పెద్దమ్మ మరిగే నీళ్ళు బకెట్‌లోకి పట్టి లోపలికి వెళ్ళిపోయేది. పక్కనున్న గాబులోంచి చన్నీళ్ళు పోసి తొరపడం నా పని. ఆ ఇంట్లో నాకిచ్చిన ఒకే ఒక పెద్ద పని అది, ఎంత గర్వంగా ఉండేదో. ఆ రోజు నువ్వు హడావిడిగా వచ్చి తడిక వెనక నుంచి "తొరిపావా కిన్నీ?" అన్నావు. నేను "ఆ" అన్నాను. ఆ "ఆ" నాకు ఇప్పటికీ వినిపిస్తుంది. గొంతు కూడా మారలేదు. నువ్వు చెంబు నిండా ముంచి ఎడమ భుజం మీద పోసుకున్నావు.

అందరూ నిన్నే అన్నారు. ఆవిరి చూసుకోవద్దా అంది పెద్దమ్మ ఏడుస్తూనే. నన్ను ఒక్కళ్ళూ ఒక్క మాట అనలేదు. నీకు పరీక్షలు పోయాయి, ఏడాది పోయింది. నువ్వు అప్పటినుంచి మోచేతుల దాకా జాకెట్లే కుట్టించుకుంటున్నావు. నిన్ను మళ్ళీ ఎప్పుడూ వేడినీళ్ళ దగ్గర చూడలేదు.

"ఆ" అన్నది గుర్తుంది. చన్నీళ్ళు పోసినట్టు మాత్రం గుర్తు రాదు. పోయనట్టూ గుర్తు రాదు. గాబు గుర్తుంది, చెంబు గుర్తుంది, వాటి మధ్య నా చెయ్యి కదిలిందో లేదో ఎంత వెతికినా కనిపించదు.

ఆదివారం రాత్రి యుగంధర్‌కి చెప్పాను, పెళ్ళయిన ఇరవయ్యేళ్ళకి మొదటిసారి. "పదేళ్ళ పిల్లవి కదా" అన్నాడు. అందరూ అదే అన్నారు అప్పుడు కూడా.

నీ భుజాన్ని అలా చేసి, నా వేళ్ళు నొప్పెడుతున్నాయని పెరట్లో వేడినీళ్ళ తొట్టి కట్టించుకుని కూర్చోవడం నా వల్ల అవుతుందా అక్కా? ఇదీ నా అసలు కారణం. అందుకే అడుగుతున్నాను. పోశానా, లేదా? నీకేమైనా గుర్తుందా?

కిన్ని


కాకినాడ
ఏప్రిల్ 3

కిన్నీ,

నూనె ముక్క మూడుసార్లు చదివాను. ఇంట్లోనే, తలుపేసుకుని. ఆ బెర్నీగారికి నా నమస్కారాలు చెప్పు. అదే మనింట్లో ఎవరైనా చేసుంటే ఏడు తరాలు చెప్పుకునేవాళ్ళం.

ఇక నువ్వడిగినది. ఒక్కసారే రాస్తాను, శ్రద్ధగా చదువు.

నువ్వు పోశావు. రెండు మగ్గులు. చెంబు కాదు, ఆకుపచ్చ ప్లాస్టిక్ మగ్గు, పిడి విరిగింది, నువ్వు దాన్ని రెండు చేతులతో పట్టుకునేదానివి. నేను తొరిపావా అంటే ఆ అన్నావు. నేను లోపలికి వచ్చి వేలు పెట్టి చూశాను. మరీ చల్లగా అయిపోయాయి. కుంకుడు రసం తేవడం మర్చిపోయానని నిన్ను వంటింట్లోకి పంపించాను. నువ్వటు వెళ్ళాక నేనే ఆ నీళ్ళు సగం పారబోసి బాయిలర్ లోంచి మళ్ళీ పట్టుకున్నాను. పరీక్ష టైమైపోతోందన్న కంగారులో మళ్ళీ తొరపలేదు. అంతే. నువ్వు "ఆ" అన్నప్పుడు అది నిజమే.

అమ్మకి చెప్పలేదు. చెబితే ఇంకో నాలుగు తిట్లు అదనంగా పడేవి. ఆ తర్వాత చెప్పాల్సిన అవసరం ఉందనుకోలేదు. నువ్వు దీన్ని ఇన్నేళ్ళు మోస్తున్నావని నాకేం తెలుసు?

చన్నీళ్ళ సంగతి. ఆరున్నర బస్సు పట్టుకోవాలి నేను. గీజర్ కాగేదాకా ఎవరు కూర్చుంటారు? మొదట్లో భయంతో పోసుకున్నమాట నిజమే. అది రెండు మూడేళ్ళు. ఆ తర్వాత అలవాటు. ఇప్పుడు మా వీధిలో అందరికీ నేను వ్రతం పట్టానని గౌరవం. ఆ గౌరవం ఎందుకు పోగొట్టుకోవాలి?

నువ్వు వణుక్కుంటూ గోరువెచ్చటి నీళ్ళు పోసుకుంటే నా భుజం మీద చర్మం మారదు. తొట్టి కొనుక్కో. నూనె రాసుకోకుండా దిగు.

మంగక్క


లూకన్
ఏప్రిల్ 20

అక్కా,

తొట్టి వచ్చింది.

నీ ఉత్తరం మంగళవారం అందింది. వంటింట్లో నిలబడే చదివాను. ఆకుపచ్చ మగ్గు. ముప్పై ఆరేళ్ళలో ఒక్కసారి కూడా గుర్తు రాలేదు, నువ్వు రాయగానే కళ్ళకి కట్టింది. పిడి విరిగిన చోట గరుగ్గా ఉండేది, బొటనవేలికి తగిలేది. ఎంతసేపు అక్కడే ఉన్నానో తెలియదు. సహస్ర వచ్చి "ఆర్ యూ ఓకే, మామ్?" అని భుజం మీద చెయ్యి వేసింది. గ్రాండ్ అన్నాను.

కోటు కూడా వేసుకోకుండా బెర్నీ ఇంటికి వెళ్ళి, తీసుకుంటాను అని చెప్పాను. ఆవిడ టీ ఇచ్చింది.

శనివారం యుగంధర్ ఆఫీసు వాళ్ళు నలుగురొచ్చారు. దాన్ని పక్కకి నిలబెట్టి, కింద పైపులు వేసి దొర్లిస్తూ, మూడిళ్ళ దూరం రెండు గంటలు. రోడ్డు మధ్యలో ఒక బస్సు ఆగిపోయింది. డ్రైవర్ తిట్టడానికి దిగి, చివరికి తనూ ఒక చెయ్యి వేశాడు. నోయెల్ రాసిన చెక్క కూడా తెచ్చి మా గోడకి కొట్టింది బెర్నీ. దిగే ముందు షవర్ చెయ్యండి. ఈసారి ఆ ముక్క నాకోసమే అన్నట్టు వేలు ఆడించి చూపించింది.

నిన్న సాయంత్రం దిగాను. సన్నగా వాన పడుతోంది. మొహం మీద చినుకులు, మెడ కిందంతా వేడి. ఇరవై నిమిషాలు కూర్చున్నాను. బయటికొచ్చి పచ్చడి సీసా మూత నేనే తీశాను. ఏమంత పని లేకపోయినా మూత పెట్టి మళ్ళీ తీశాను.

నువ్వు నాకు ఏమిచ్చావో నీకు తెలియదు.

కిన్ని


కాకినాడ
మే 5

కిన్నీ,

సంతోషం. నాకిక్కడ పేపర్లు దిద్దే డ్యూటీ పడింది, ఎక్కువ రాయను. ఎండ మండిపోతోంది, మీ వాన కాస్త కవర్లో పెట్టి పంపు.

మొన్న నువ్వు రాసిన ఆఖరి వాక్యం లాంటివి నాకు రాయకు. నేనేమీ ఇవ్వలేదు. జరిగింది చెప్పాను. ఇక ఆ సంగతి ఎత్తకు. మరిదిగారికి, సహస్రకి నా ఆశీస్సులు.

మంగక్క


లూకన్
మే 26

అక్కా,

ఎత్తవద్దన్నావు. ఒక్కసారి ఎత్తి, ఇక ఎత్తను.

మొన్న నేనూ సహస్రా తొట్టిలో కూర్చున్నాం. పరీక్షలైపోయాయి, మంచి హుషారుగా ఉంది. నేను నీ గురించి ఏదో చెబుతున్నాను. మధ్యలో అది అడిగింది, నాన్న ఫోన్ చేసినప్పుడు మంగ పెద్దమ్మ ఏడ్చిందా అని. ఏ ఫోన్ అన్నాను. "ఏజెస్ అగో. లైక్, మార్చ్‌లో. గరాజ్‌లో నిలబడి అరగంట మాట్లాడాడు." అది తెలుగులో అంత పెద్ద వాక్యం చెప్పడమే అరుదు. చెప్పాక తనకే ఏదో తేడాగా అనిపించి, "సారీ, వాజ్ దట్ ఎ సీక్రెట్?" అంది.

నేను నీకు ఆ పెద్ద ఉత్తరం పోస్టు చేసిన వారానికి అది. నీ జవాబుకి ముందు.

యుగంధర్‌ని అడిగాను. మంగగారి ఆరోగ్యం కనుక్కుందామని చేశాను అన్నాడు. నా వైపు చూడకుండా ఫిల్టర్ ఊడదీసి కడగడం మొదలుపెట్టాడు. అది ముందురోజే కడిగాడు.

ఇంకొకటి. నువ్వు కుంకుడు రసానికి నన్ను పంపానన్నావు. ఆ రోజు ఆసుపత్రి వరండాలో పెద్దమ్మ బెంచీ మీద కూర్చునుంటే కాంపౌండర్ సుందరరామయ్యగారు టీ తెచ్చి ఇచ్చారు. పెద్దమ్మ గ్లాసు పక్కకి జరిపి "ఇవాళ నాకు ఒక్కపొద్దండీ" అంది. నేను పక్కనే ఉన్నాను. పెద్దమ్మ ఒక్కపొద్దు మంగళవారం. మంగళవారం మీ ఇంట్లో ఆడపిల్లలెవరూ తలకి పోసుకునేవాళ్ళు కాదు. మంగళవారం పరీక్ష కూడా ఉంటే ఇక అసలే పోసుకోనిచ్చేది కాదు పెద్దమ్మ. మరి కుంకుడు రసం ఎందుకు అక్కా?

ఇది దొరికాక రెండు రోజులు తొట్టి మూత తియ్యలేదు. తర్వాత అమ్మకి ఫోన్ చేసి, ఏమీ చెప్పకుండా, పెద్దమ్మ ఏ వారాలు ఒక్కపొద్దు ఉండేదని మాత్రం అడిగాను. మంగళవారం ఉండేది, కొన్నాళ్ళు శనివారం కూడా ఉన్నట్టుంది, అది మంగ పుట్టకముందో పెళ్ళప్పుడో గుర్తులేదు అంది అమ్మ. శనివారమైతే తలకి పోసుకునే రోజే, నువ్వు రాసినదంతా సరిగ్గా సరిపోతుంది. పెద్దమ్మ ఉంటే అడిగేదాన్ని. ఎన్నో ఏళ్ళయింది పోయి.

ఆ మగ్గు మాత్రం నిజం. దాని గరుకు నా వేలికి తెలుసు. కానీ మగ్గు ఆ ఇంట్లో రోజూ ఉండేది. అది ఆ రోజు నా చేతిలో ఉందని చెప్పదు.

నా ఉద్యోగంలోనైతే ఇలాంటిది వస్తే 'ఆధారం చాలదు' అని రాసి వెనక్కి పంపేస్తాను. నీ ఉత్తరం ఎక్కడికి పంపను? పడుకునే గదిలో పాత గాజుల డబ్బాలో ఉంది.

బెర్నీ పోయిన గురువారం గాల్వే వెళ్ళిపోయింది. సామాన్లన్నీ వ్యాన్‌లోకి ఎక్కాక, మా ఇంటికొచ్చి, పెరట్లోకి వెళ్ళి, తొట్టి అంచు మీద ఒకసారి చెయ్యి పెట్టి వెళ్ళింది. నువ్వు దిగుతున్నావా అని అడిగింది. దిగుతున్నాను అన్నాను. ఆ పూట అది అబద్ధం. ఆవిడ కారు మలుపు తిరిగాక లోపలికొచ్చి, షవర్ చేసి, మోచెయ్యి ముంచి చూసుకుని దిగాను. అప్పటినుంచి మళ్ళీ రోజూ దిగుతున్నాను. నా అక్షరాలు చూడు, వరసలో నిలబడ్డాయి.

నువ్వు నాకు అబద్ధం చెప్పావని అనడం లేదు. చెప్పలేదని అనడం కూడా నాకు చేతకావడం లేదు. నువ్వు రాసినట్టే జరిగిందని నమ్మిన రోజు ఒళ్ళు తేలికగా ఉంటుంది. నా కోసం రాశావనుకున్న రోజు అదే నీళ్ళలో, అదే ముప్పై ఏడులో, నీ భుజం తలుచుకుంటూ కూర్చుంటాను. అలాంటి రోజు నీ మీద ప్రేమ ఎక్కువవుతుందో, నా మీద కోపం ఎక్కువవుతుందో తెలియదు. నువ్వు జవాబు రాయనక్కర్లేదు. రాస్తే అది కూడా నమ్మాలో వద్దో నాకు తెలియదు.

నేను పోశానా లేదా, అక్కా, ఇంకా తేల్చుకోలేకపోతున్నాను.

కిన్ని